ఈస్టర్ రాత్రి చేపల బండి

కళ్లు దించుకో. చేతులు అంగీ లోపల పెట్టుకో. పరుగెత్తకు. ఈ మఠంలో ఎవరూ పరుగెత్తరు. అడుగు కాస్త వడిగా పడినా ఎవరో ఒకరు తలెత్తి చూస్తారు.

ఇది 1523 ఏప్రిల్ 4, శనివారం రాత్రి. తెల్లవారితే ఈస్టర్. జర్మన్ నేల మీద సాక్సనీలో, గ్రిమ్మా ఊరి పక్కనున్న నింబ్షెన్ మఠంలో ఉన్నావు. నీ పేరు కాథరీనా ఫాన్ బోరా. వయసు 24. ఐదారేళ్ల పసిదానివిగా ఉన్నప్పుడే నాన్న నిన్ను మరో మఠం బడిలో దింపి వెళ్లిపోయాడు. కొన్నేళ్లకు అక్కణ్ణుంచి ఇక్కడికి పంపారు. పదహారేళ్లకు ప్రమాణం చేశావు, చచ్చేదాకా ఇక్కడే ఉంటానని. ఇష్టమేనా అని ఎవరూ గుచ్చి అడగలేదు. అడిగినా, అప్పటికి నీకు తెలిసిన లోకం ఈ గోడలే.

ఈ గోడలు నీకు మేలు చేయలేదని కాదు. చదువు, రాత, లాటిన్ కీర్తనలు అన్నీ ఇక్కడ వచ్చినవే. మీ మేనత్త మగ్దలీనా కూడా ఇదే మఠంలో ఉంది. కానీ అర్ధరాత్రి దాటాక గంట మోగితే లేవాలి. అన్నం దగ్గర మాట్లాడకూడదు, సైగలే చేయాలి. ఇంటివాళ్లు చూడవస్తే ఇనుప కటకటాల అవతలి నుంచే పలకరించాలి. వీటిలో ఒకటి తప్పితే శిక్ష. శిక్ష కంటే ఎక్కువగా నిన్ను తొలిచేది వేరే ఉంది. ఇన్ని పాటించినా దేవుడికి నచ్చానా లేదా అన్న భయం పోదు.

ఆ భయాన్ని కదిపిన మాటలు మత సంస్కర్త మార్టిన్ లూథర్‌వి. 1521లో మఠాల్లో చేసే ప్రమాణాల మీద ఆయన ఒక పుస్తకం రాశాడు. రక్షణ క్రీస్తు ఊరికే ఇచ్చేది, దాన్ని వ్రతాలతో కొనుక్కోవాలనుకోవడం ఆయన కృపను కాదనడమే అన్నాడు. ఆ మాట గోడ దాటి లోపలికి వచ్చింది. ఒకరి నుంచి ఒకరికి పాకింది. నువ్వూ ఇంకొందరు మఠకన్యలూ ఇళ్లకు ఉత్తరాలు రాశారు: మా మనసు ఒప్పడం లేదు, మమ్మల్ని తీసుకెళ్లండి. కన్నవాళ్లు కుదరదన్నారు. మఠం వదిలిన కూతురిని ఇంట్లో పెట్టుకుంటే చట్టం ఊరుకోదు, ఊరు ఊరుకోదు. అందుకే కబురు లూథర్ దాకా వెళ్లింది. ఆయన టోర్గావ్ ఊరి వర్తకుడు లియొనార్డ్ కోప్పేను పంపాడు. మఠానికి సరుకులు, ఉప్పు చేపలు తెచ్చే మనిషే. అతని బండి గేటు దగ్గర ఆగితే ఎవరికీ అనుమానం రాదు.

వరండా చివరికి వచ్చావు. చలిగా ఉంది. నీ వెనక ఇంకొకరు. ఆమె వెనక మరొకరు. మొత్తం పన్నెండు మంది.

ఏదో తలుపు కిర్రుమంది. ఆగు.

ఊపిరి బిగబట్టు.

ఎవరూ రాలేదు. నడువు.

పెరడు. చీకటి. ముందు చేపల వాసన వస్తుంది, తర్వాత బండి కనిపిస్తుంది. కోప్పే నోరు విప్పడు. చేయి చాపుతాడు. దొరికితే అతనికి మరణశిక్ష. మఠకన్యను ఎత్తుకెళ్లినవాడికి చట్టం రాసిపెట్టింది అదే. దొరికితే నీకు మళ్లీ ఇవే గోడలు, ఇంకాస్త ఎత్తుగా.

కాలు చక్రం మీద పెట్టావు. పైకి లేవదు.

మాట ఇచ్చింది మనుషులకు కాదు, దేవుడికి. దాన్ని ఇప్పుడు తెంచుతున్నావు. ఒకవేళ లూథర్ చెప్పింది తప్పయితే? ఇక్కడ నీకు ఎవరూ జవాబు చెప్పరు. అడగడానికి ఉన్నవాడు ఒక్కడే. అడిగావు. చిన్నప్పటి నుంచి వచ్చిన కీర్తన దానంతటదే పెదాల మీదికి వచ్చింది. ఆయన్ని వదిలి వెళ్లేవాళ్ల నోట ఆయన కీర్తన రాదు కదా.

ఎక్కు.

పడుకో. గుడ్డ కప్పారు. చీకటి. పక్కవాళ్ల మోచేయి నీ పక్కటెముకల్లో గుచ్చుకుంటోంది. బండి కదిలింది. డ్యూక్ జార్జ్ రాజ్యం ఇక్కడికి దగ్గరే. లూథర్ పేరు వింటే మండిపడే దొర. దగ్గు రానీయకు. రాయి మీద చక్రం ఎగిరింది. అరవకు.

తెల్లారింది. ఈస్టర్ నాడు టోర్గావ్ చేరావు. మంగళవారం లూథర్ ఉండే విట్టెన్‌బర్గ్‌లో దిగావు. ముగ్గురు అంతకుముందే తమవాళ్ల దగ్గరికి వెళ్లిపోయారు. మిగిలిన తొమ్మిది మందికి కట్టుబట్టలు తప్ప ఏమీ లేవు. లూథర్ చేతిలోనూ డబ్బు లేదు. మీ తిండికీ బట్టకూ రాజాస్థానంలో చందా పోగుచేయమని స్నేహితుడికి ఉత్తరం రాశాడు. అయినా మిమ్మల్ని దాచలేదు. కోప్పే పేరు, మీ తొమ్మిది మంది పేర్లు బహిరంగ లేఖలో అచ్చు వేయించాడు. ఇది దొంగచాటు పని కాదని లోకానికి తెలియాలని ఆయన పట్టుదల. ఆ ధైర్యం నాకు ఇప్పటికీ గొప్పగా తోస్తుంది.

రెండేళ్లకు, 1525 జూన్‌లో, నువ్వు లూథర్‌నే పెళ్లి చేసుకుంటావు. పిల్లలు, పొలం, పశువులు, ఇంటినిండా చుట్టాలు, విద్యార్థులు. ఆ పనుల మధ్యే బైబిలు. ఈస్టర్‌లోపు మొత్తం చదివితే 50 గిల్డర్లు ఇస్తానని నీ భర్త మాటిచ్చాడు. 1535 అక్టోబరులో స్నేహితుడికి రాస్తూ, నువ్వు అప్పుడే ద్వితీయోపదేశకాండం మొదలుపెట్టావని చెప్పాడు. గంట కొట్టి లేపేవాళ్లు లేరు. తప్పితే శిక్షించేవాళ్లు లేరు. అయినా చదువుతున్నావు.

ఇక ఇది చదువుతున్న మీతో ఒక మాట. నగ పెట్టుకోకూడదు, పూలు పెట్టుకోకూడదు, మందు మింగకూడదు అనే సంఘాలు మన తెలుగు ఊళ్లలోనూ ఉన్నాయి. అక్కణ్ణుంచి బైబిలు చంకన పెట్టుకుని బయటికొచ్చే ఆడపిల్లలూ ఉన్నారు. కాథరీనాకు కన్నవాళ్లు తలుపు తీయలేదు. అలాంటి పిల్ల మీ గుమ్మం ముందు నిలబడితే, విశ్వాసం పోగొట్టుకుందని తీర్పు చెప్పకండి. లోపలికి పిలవండి. ముందు అన్నం పెట్టండి.