ఉగాది కచేరీకి నూట యాభై డాలర్ల బేస్

శనివారం మధ్యాహ్నం. సియాటిల్ పక్కన బాతెల్‌లో సన్నగా వాన. మార్చి నెలలో ఇక్కడ వాన పడితే దాని గురించి ఎవరూ మాట్లాడుకోరు. గరాజ్ తలుపు సగానికి లేపి ఉంది. లోపల ఒక పక్క సోనామసూరి బస్తాలు, ఇంకో పక్క పిల్లల సైకిళ్ళు, నడుమ మడత బల్ల. బల్ల మీద పాత తువ్వాలు, తువ్వాలు మీద వెల్లకిలా బేస్ గిటార్. ముందు వైపు ఉండే ప్లాస్టిక్ పిక్‌గార్డ్‌ని మరలు విప్పి తిరగేశారు. సన్నటి వైర్లు బయటికి వచ్చి ఉన్నాయి. సోల్డరింగ్ ఐరన్ కాగి రోసిన్ వాసన వస్తోంది. ఆ స్టూలు లాక్కుని కూర్చోండి. గంటలో బయల్దేరాలి. మూడింటికి సౌండ్ చెక్, ఆరింటికి ఉగాది కార్యక్రమం.

బల్ల ముందున్నాయనది తెనాలి. బాతెల్‌లో అల్ట్రాసౌండ్ యంత్రాలు తయారుచేసే కంపెనీలు ఉన్నాయి. అలాంటి ఒకదాంట్లో ఈయన ఉద్యోగం. వారమంతా మనిషి చెవికి అందనంత పైనున్న శబ్దాలతో పని, వారాంతంలో చెవికి అందీ అందని కింది శబ్దాలతో కాలక్షేపం. బేస్ పాతది, స్క్వయర్ వాళ్ళ అఫినిటీ రకం, ఎవరో ఇల్లు మారుతూ అమ్మేస్తుంటే నూట యాభైకి కొన్నారు. స్క్వయర్ అంటే ఫెండర్ కంపెనీ చవక రకాలకి పెట్టుకున్న పేరు. నిజానికి అది తీగలు చేసే పాత కంపెనీ. 1965లో ఫెండర్ దాన్ని కొనేసింది. 1982 నుంచి ఆ పేరుతో జపాన్‌లో గిటార్లు చేయించి అమ్మింది.

ఇప్పుడాయన మారుస్తున్నది జాక్. కేబుల్ గుచ్చే చోటన్నమాట. పోయిన సంక్రాంతి కార్యక్రమంలో రెండో చరణం నడుమ ఇదే కర్రుమని అరిచి ఊరుకుంది. అప్పుడు కేబుల్‌ని బొటనవేలితో నొక్కిపట్టి, మిగిలిన వేళ్ళతో పాట ముగించారట. వంగి చూడండి. పాత జాక్‌లో కేబుల్ మొనని పట్టుకునే రేకు పల్చగా ఉంది, వేలితో నెడితే వంగిపోతుంది. కొత్తది స్విచ్‌క్రాఫ్ట్ వాళ్ళది. రేకు మందం, నెడితే ఎదురు తిరుగుతుంది. ఖరీదు అయిదు డాలర్లకి అటూ ఇటూ. వైరుకీ రేకుకీ కలిపి ఐరన్ ఆనించి, రెండూ వేడెక్కాక సీసం తాకించారు. అది నీళ్ళలా పారి మెరిసింది. మెరవకుండా బూడిద రంగులో ముద్దలా నిలిస్తే అతుకు పడనట్టే. మళ్ళీ కాల్చాలి.

"ఒక్కసారి కేబుల్ పెట్టి ఊపి చూడండి" అంటారు. ఊపండి. గట్టిగానే ఊపండి. చప్పుడు లేదు.

చవక బేస్ అనగానే చాలామంది పికప్‌లు మార్చడంతో మొదలుపెడతారు. తీగ కదలికని కరెంటుగా మార్చే ఆ అయస్కాంతాల గురించి గంటలు గంటలు వాదించుకుంటారు. మంచి పికప్ మంచిదే, కాదనను. కానీ ఆరేడు వందల మంది కూర్చున్న హాల్లో, డ్రమ్స్, తబలా, రెండు కీబోర్డులు, మూడు గొంతులు కలిసి మోగుతున్నప్పుడు ఆ తేడా తెలిసేది వాయించే ఒక్కడికే. వేదిక మీదికెక్కే సరుక్కి మొదటి గుణం శ్రావ్యత కాదు, మొరాయించకపోవడం. డబ్బు ముందు అటు పెట్టాలి. ఈ వాద్యంలో కర్రా, మెడా, తీగలూ ఈ రోజుల్లో చవకలోనూ బాగానే వస్తున్నాయి. కంపెనీ పిసినారితనం కనబడేది జాక్‌లో, వాల్యూమ్ గుండ్రాల కింద ఉండే పాట్‌లలో, మెడ పైకొసన తీగలు ఆనే ప్లాస్టిక్ నట్‌లో.

పిక్‌గార్డ్ బిగించేశారు. ఇప్పుడు మెడ పని. దాని లోపల ట్రస్ రాడ్ అనే ఇనుప కడ్డీ ఉంటుంది. బయట వాన, లోపల నాలుగు నెలలుగా హీటర్ గాలి. కర్ర ఎండి కొంచెం అటో ఇటో వంగుతుంది. తీగని మొదటి మెట్టు దగ్గర ఒక చేత్తో, మెడ ఒంటికి అతికేచోట మోచేత్తో నొక్కిపట్టి, నడుమ ఏడెనిమిది మెట్ల దగ్గర ఫీలర్ గేజ్ దూర్చారు. 0.3 మిల్లీమీటర్ల రేకు రాసుకుంటూ దూరితే సరి. ఇది వదులుగా జారిపోయింది. అలెన్ కీ పావు చుట్టు తిప్పారు, అంతకు మించి ఒక్కసారే తిప్పరు. మళ్ళీ గేజ్. సరిపోయింది. ఖర్చు సున్నా. ఈ నూట యాభై డాలర్ల బేస్‌ని అయిదు వందల దానిలా పలికించేది ఏదైనా ఉందంటే అది ఈ పావు చుట్టే.

ఈ వాద్యం పుట్టిల్లు కూడా ఈ చుట్టుపక్కలే అని చాలామందికి తెలియదు. లియో ఫెండర్ కాలిఫోర్నియాలో ప్రెసిషన్ బేస్ తెచ్చింది 1951లో. అంతకు పదిహేనేళ్ళ ముందే సియాటిల్‌లో పాల్ టట్‌మార్క్ అనే సంగీతం మేష్టారు ఆడియోవాక్స్ పేరిట మోడల్ 736 'బేస్ ఫిడిల్' చేసి అమ్మారు. నాలుగు తీగలు, మెట్లు, గట్టి చెక్క ఒళ్ళు, ఒళ్ళో అడ్డంగా పట్టుకుని వాయించడం. ఇప్పుడీ బల్ల మీదున్నదానికి అన్నీ పోలికలే. సుమారు వంద మాత్రమే తయారయ్యాయి. జనానికి పట్టలేదు. ఒకటి సియాటిల్ మ్యూజియం ఆఫ్ పాప్ కల్చర్ సేకరణలో ఉంది, వీలున్నప్పుడు చూడండి.

సరే, సామాను ఎత్తుదాం. బేస్ సంచి మీరు పట్టుకోండి. ఆంప్ ఆయన చేతి సంచిలోనే పట్టింది. క్లాస్ డి రకం, మూడు కిలోలు ఉంటుందేమో. ఒకప్పుడు ఆంప్‌లు ఇంత తేలిగ్గా ఉండేవి కావు. 1969లో ఆంపెగ్ కంపెనీ ఎస్‌వీటీ అని మూడు వందల వాట్ల వాల్వ్ ఆంప్ తెచ్చింది. రోలింగ్ స్టోన్స్ ఆ ఏడాది పర్యటనకి దాన్నే మోసుకెళ్ళారు. తల ఒక్కటే ముప్పై అయిదు కిలోల పైన, కింద ఎనిమిది స్పీకర్ల పెట్టె ఇంకా బరువు. దాన్ని కచేరీకి తేవాలంటే ముందు నలుగురు మనుషుల్ని తేవాలి. అంత పేరున్న ఆంపెగ్ 2005 నుంచి 2018 దాకా మన పక్క ఊరు వుడిన్‌విల్‌లోని లౌడ్ కంపెనీ చేతుల్లో ఉండేదంటే నమ్ముతారా? గ్రెగ్ మాకీ 1988లో పెట్టిన మాకీ మిక్సర్ల సంస్థే పెరిగి లౌడ్ అయింది. తర్వాత ఆఫీసు బాతెల్‌కే వచ్చింది. ఆంపెగ్ యమహా వాళ్ళకి వెళ్ళింది, మాకీని 2023 చివర్లో ఆస్ట్రేలియా రోడ్ కంపెనీ కొనుక్కుంది. కారు నార్త్ క్రీక్ మీదుగా పోతుంటే ఈ కథంతా ఆయనే చెబుతారు, వైపర్ల చప్పుడు మధ్య.

హాలు ఒక స్కూలు ఆడిటోరియం. గుమ్మం దగ్గర ఇద్దరు ఆడవాళ్ళు ఉగాది పచ్చడి కలుపుతున్నారు. వేప పువ్వు ఫ్రీజర్‌లోంచి తీసిన డబ్బాలోది. వేదిక మీద డ్రమ్స్ అప్పటికే బిగించారు. బేస్ ఆయన ఆంప్ పెట్టి, కేబుల్ గుచ్చే ముందు నేల మీది ట్యూనర్ పెడల్‌ని కాలితో నొక్కారు. అది నొక్కితే శబ్దం పూర్తిగా ఆగిపోతుంది, గుచ్చినా పీకినా ఢామ్మనదు. కేబుల్‌ని తిన్నగా జాక్‌లోకి పోనివ్వలేదు. భుజం పట్టీకీ వాద్యానికీ మధ్య నుంచి ఒక చుట్టు తిప్పి తెచ్చారు. పట్టీ ఊడకుండా గుండీల మీద ఎర్రటి రబ్బరు వాషర్లు ఉన్నాయి. గ్రోల్ష్ బీరు సీసా మూతవి. స్ట్రాప్‌లాక్ అని కొనుక్కుంటే పదిహేను, ఇరవై డాలర్లు. రాక్ బ్యాండ్ల వాళ్ళు ఎప్పటినుంచో చేసే పని ఇది. బీరు ఎవరు తాగారని అడగకండి, వాళ్ళావిడ ఇక్కడే ఉన్నారు.

శబ్దం వదిలారు. వెంటనే ఊఁ... అని సన్నటి హోరు. పైన లైట్ల డిమ్మర్లు ఆన్‌లో ఉన్నాయి. అమెరికా కరెంటు 60 హెర్ట్జ్, మన ఊళ్ళో 50. ఇక్కడ హోరు కూడా రెండు, మూడు స్వరాలు పైన మోగుతుంది. ఆయన కంగారు పడలేదు. తీగల కింది కొస దగ్గరి పికప్ వాల్యూమ్ పూర్తిగా తగ్గించారు. హోరు చాలావరకు మాయం. నడుమ ఉన్న పికప్ రెండు ముక్కలుగా ఉంటుంది, చూడండి. 1957లో ఫెండర్ అలా విడదీశాడు. రెండు ముక్కల్లో తీగచుట్టలు ఎదురెదురు దిక్కుల్లో ఉండి, బయటి హోరు ఒకదానికొకటి కొట్టేసుకుంటుంది. మిగిలిన కాస్తా డీఐ పెట్టె మీదున్న గ్రౌండ్ లిఫ్ట్ మీటతో పోయింది. ఆ పెట్టె అరచేతంత ఉంటుంది. బేస్ నుంచి వచ్చే బలహీనమైన సంకేతాన్ని ముప్పై మీటర్ల వైరులో పోయినా చెడని తీరుకి మార్చి మిక్సర్‌కి పంపుతుంది. వేదిక మీది ఆంప్ వాయించేవాళ్ళ కోసం. జనం వినేది ఈ పెట్టె చెప్పిందే. అందుకే పెద్ద ఆంప్ కొనే డబ్బుంటే ముందు మంచి డీఐ కొనండని నేనైతే చెబుతాను. వాట్లు రెట్టింపు చేస్తే పెరిగేది మూడు డెసిబెల్స్. చెవికి రెట్టింపు అనిపించాలంటే పది రెట్లు కావాలి.

"అన్నా, బేస్ కొంచెం తగ్గించు, నా ఫోల్డ్‌బ్యాక్‌లో గొంతు వినపడట్లేదు" అని గాయకుడు.

ఈయన వాల్యూమ్ ముట్టుకోలేదు. ఆంప్ మీద కింది శ్రుతుల గుండ్రం ఎడమకి తిప్పి, మధ్య శ్రుతులు కాస్త పెంచారు. "ఇప్పుడు?"

"ఆఁ, ఇప్పుడు ఓకే అన్నా."

లావు తీగ వట్టిగా మీటితే 41 హెర్ట్జ్. వేదిక మీది చిన్న స్పీకర్లు అంత కిందికి దిగలేవు. దిగబోయి బురబురలాడతాయి. పై అనుస్వరాలు స్పష్టంగా వినిపిస్తే చాలు, కింది స్వరం ఉన్నట్టే మన మెదడు అల్లుకుంటుంది.

ఇంతలో అసలు చిక్కు. గాయనికి జలుబు. "సార్, రెండో పాట అర శ్రుతి దించుకుందామా?" కీబోర్డు అమ్మాయి ట్రాన్స్‌పోజ్ మీట నొక్కింది, ఆమె పని అయిపోయింది. బేస్‌కి అలాంటి మీట లేదు. పాట ఇ మీద. అదే ఈ వాద్యం అడుగు స్వరం. దానికి అర కింద తీగే లేదు. అయిదు తీగల బేస్ కొనుక్కోవచ్చు గదా అని మీకనిపించవచ్చు. చవక వాటిలో ఆ అయిదో తీగ తరచుగా తాడులా వదులుగా మోగుతుంది. ఈయన ట్యూనర్ చూస్తూ లావు తీగ చెవిని కొద్దిగా వెనక్కి తిప్పారు. ఇ-ఫ్లాట్. ఇప్పుడు ఆ ఒక్క తీగ మీద మాత్రం ప్రతి స్వరమూ ఒక మెట్టు పక్కకి జరిగింది, మిగిలిన మూడు తీగలూ మామూలే. రెండు లెక్కలు ఒకేసారి నడపాలి. పెదాలు కదులుతున్నాయి, గమనించండి.

ఆరున్నరకి తెర లేచింది. అరగంట ఆలస్యం, అంటే మనవాళ్ళ లెక్కలో తొందరే. ఇళయరాజా పాటల వరస. 'అభినందన', 'గీతాంజలి', 'శివ' ఆ కొద్ది ఏళ్ళలో వరసగా వచ్చిన సినిమాలు. ఆయన పాటల్లో బేస్ వెనక నిలబడి తాళం వేయదు. గొంతుకి ఎదురుగా తనదైన ఇంకో రాగం నడుపుతుంది. రాజాగారు బేస్ భాగాన్ని కూడా స్వరాల్లో రాసి ఇచ్చేవారు. మద్రాసులో వాటిని పలికించిన శశిధరన్ పేరు పోస్టర్ మీద కనబడకపోయినా ఇక్కడ ప్రతి బేస్ గిటారిస్టుకీ తెలుసు. ఇలాంటి పాటలకి బేస్ లేని కచేరీ వద్దు, ట్రాక్ పెట్టుకుని పాడుకోవడం నయం. రెండో పాట వచ్చింది. పల్లవి, అనుపల్లవి దాటాయి. చరణం చివర ఆ అర శ్రుతి కింది ఇ-ఫ్లాట్ పడింది. పాదాల కింద చెక్క కదిలింది. ముందు వరసలో పెద్దాయన ఒకరు తల తిప్పి స్పీకర్ వంక చూశారు.

మూడో పాట నడుమ కూచిపూడి పిల్లలు గజ్జెలతో పక్కనుంచి పరుగెత్తారు, తర్వాతి అంశం వాళ్ళదే. ఒక పాప కాలు కేబుల్ మీద పడి ఈడ్చుకుపోయింది. పట్టీ చుట్టు బిగిసింది, లాగుడంతా భుజం మీద పడింది. జాక్‌కి తెలియనే తెలియలేదు. ఆయన ఒక అడుగు ముందుకి తూలి, అదే తాళంలో నిలబడ్డారు. పాట ఆగలేదు. అంతా కలిపి ఈ రోజు ఖర్చు జాక్ డబ్బులే, అదీ మధ్యాహ్నమే తేలిపోయింది.

విరామం. రాఫిల్ టికెట్ల నంబర్లు చదువుతున్నారు. తర్వాత వాయించాల్సిన కుర్రాళ్ళ బ్యాండ్ నుంచి ఒకడు మెట్ల దగ్గరికి వచ్చాడు, కాలేజీ పిల్లాడు, మెడలో మెరిసే బేస్. మన బల్ల మీది దానికి పదింతల ఖరీదు ఉంటుంది.

"అంకుల్, మీ దగ్గర ఎక్స్‌ట్రా కేబుల్ ఏమైనా ఉందా? నాది కట్ అయిపోయింది."

"రెండున్నాయి. కింద సంచిలో, నీలం టేపు చుట్టినది తీసుకో నాన్నా. నా పేరు రాసి ఉంది, వెళ్ళేటప్పుడు ఇచ్చి వెళ్ళు. కిందటిసారి తీసుకున్నవాడు ఇంకా ఇవ్వలేదు."