ఎడారిలో ఇల్లు ఎవరి పేరిట?

నా సహచరుడికి బార్మేర్ ట్రాన్స్‌ఫర్ అయిందని తెలిసిన బంధువులూ స్నేహితులూ రెండే ప్రశ్నలు వేశారు. ఆయన్నేమో "ఎప్పుడు జాయినవ్వాలి?" అని. నన్నేమో "ఆ ఎండల్లో ఉండగలవా?" అని. రెండో ప్రశ్నలో నేను వెళ్లడం అనేది అప్పటికే తీర్మానమైపోయింది. మిగిలిందల్లా నా ఓర్పు మీద విచారణ. ఇసుక, నీళ్లు, భాష, కూరగాయలు, అన్నిటి గురించీ అడిగారు. విశాఖలో ఇరవై రెండేళ్లుగా నేను చరిత్ర పాఠం చెప్తున్న ఉద్యోగం ఏమవుతుందని ఒక్కరూ అడగలేదు.

ఆయన ఇన్‌స్ట్రుమెంటేషన్ ఇంజనీరు. పనిచేసేది ఒక కాంట్రాక్టు కంపెనీలో. వాళ్లు పంపిన ఫారంలో క్వార్టరు ఆయన పేరిట, నా పేరు 'ఆధారపడినవారు' అన్న గడిలో ఉంది. నాకు సొంత జీతం, సొంత పాన్ కార్డు, సొంత పీఎఫ్ ఉన్నాయి. అయినా ఆ ఊళ్లో అడుగుపెట్టాలంటే ఆ గడిలోంచే పెట్టాలి. ఎడారి చమురు ఊళ్లన్నిటికీ ఈ గడి ఒకటుంది. వెళ్లాలా వద్దా అన్నది తేల్చుకోవడానికి ముందు ఆ గడి చరిత్ర చదవాలనిపించింది. వేడి గురించి వాతావరణ శాఖ చెప్తుంది. మిగతాది చరిత్రే చెప్పాలి.

ముందు బార్మేర్ సంగతి. 2004 జనవరిలో థార్ ఎడారిలో కెయిర్న్ కంపెనీకి పెద్ద చమురు నిక్షేపం దొరికింది. దానికి 'మంగళ' అని పేరు పెట్టారు. 2009 ఆగస్టు 29న ఉత్పత్తి మొదలైంది. అక్కడి ముడిచమురులో మైనం ఎక్కువ. మామూలు వేడికి గడ్డకట్టుకుపోతుంది. అందుకే గుజరాత్ తీరం దాకా దాదాపు 670 కిలోమీటర్ల పైపులైను పొడవునా వేడి అందిస్తూ దాన్ని పారిస్తారు. ఈ కంపెనీ మనవాళ్లకి కొత్తది కాదు. అంతకుముందు నుంచే కోనసీమ తీరంలో రవ్వ క్షేత్రాన్ని నడిపింది అదే. 2018 జనవరిలో బాలోత్రా దగ్గర పచ్‌పద్రాలో రిఫైనరీ పనులు మొదలయ్యాక దేశం నలుమూలల నుంచీ ఇంజనీర్లూ కూలీలూ ఆ వైపు కదిలారు. మా ఇంటికి వచ్చిన ఉత్తర్వు ఆ కదలికలో ఒక చిన్న కాగితం.

నన్ను ఆపిన విషయం ఇంకొకటుంది. ఆ బావుల పేర్లు చూడండి: మంగళ, భాగ్యం, ఐశ్వర్య, సరస్వతి, రాగేశ్వరి, కామేశ్వరి. భూమి కింద ఉన్న సంపదకంతా ఆడవాళ్ల పేర్లే. భూమి పైన, 2011 జనాభా లెక్కల ప్రకారం, బార్మేర్ జిల్లాలో చదవడం రాయడం వచ్చిన స్త్రీలు నూటికి నలభై మంది చిల్లర. 'సరస్వతి' నుంచి చమురు వస్తుంది, సరస్వతి అన్న పేరున్న పిల్ల బడికి వెళ్లిందో లేదో ఎవరికి పట్టింది?

ఇక చరిత్రలోకి. సౌదీ అరేబియాలో దమ్మామ్ ఏడో నంబరు బావి 1938 మార్చిలో చమురిచ్చింది. దాని పక్కనే అమెరికన్ కంపెనీ కట్టిన ఊరు దహ్రాన్. మొదట మగవాళ్లే ఉన్న ఆ క్యాంపుకి ఉద్యోగుల భార్యలు రావడం 1937లో మొదలైంది. ఏసీలు, పచ్చిక, ఈతకొలను, పిల్లలకి బడి, అన్నీ అమర్చారు. కుటుంబం ఉంటేనే ఉద్యోగి నిలుస్తాడని కంపెనీలకి లెక్క తెలుసు. అంటే భార్య కూడా ఆ ఏర్పాట్లలో ఒకటి! 1940 అక్టోబరులో ఇటలీ విమానాలు దహ్రాన్ మీద బాంబులేశాయి. యుద్ధం ముదిరాక స్త్రీలనీ పిల్లల్నీ వెనక్కి పంపేశారు. యుద్ధం తర్వాత మళ్లీ రమ్మన్నారు. రమ్మంటే రావడం, పొమ్మంటే పోవడం. ఆ స్త్రీలకి సుఖం లేదని నేననను. ఆ సుఖానికి తాళంచెవి వాళ్ల దగ్గర లేదంటున్నాను.

ఆ పచ్చిక చుట్టూ గోడ ఉంది. అమెరికన్లకొక క్యాంపు, మధ్యస్థాయి విదేశీయులకొకటి, సౌదీ కార్మికులకొకటి. సౌదీ కార్మికులు 1945లోనూ 1953లోనూ 1956లోనూ సమ్మెలు చేశారు. అదే గోడ స్త్రీల స్వేచ్ఛనీ రెండు ముక్కలు చేసింది. గోడ లోపల ఆడవాళ్లు కారు నడపొచ్చు, బయట నడపకూడదు. ఆ కంపెనీలోనే కంప్యూటర్ భద్రతా విభాగంలో పనిచేసిన మనాల్ అల్ షరీఫ్ 2011 మేలో గోడ బయట ఖోబర్ వీధుల్లో కారు నడిపి జైలుకెళ్లింది. సౌదీ స్త్రీలకి ఆ హక్కు 2018 జూన్‌లో గానీ రాలేదు. టౌన్‌షిప్పుల్లో ఆడవాళ్లకి దొరికే స్వేచ్ఛ గురించి ఎవరైనా చెప్తే నాకు ఆ గోడ గుర్తొస్తుంది. గేటు దగ్గర ముగిసిపోయే స్వేచ్ఛని హక్కు అనలేం, వసతి అనాలి.

కువైట్‌లో అహ్మదీ ఊరు కూడా అలాంటిదే. 1940లలో కువైట్ ఆయిల్ కంపెనీ కట్టించింది. బ్రిటిష్ అధికారులకి ఉత్తరాన తోటలున్న ఇళ్లు, భారతీయ, పాకిస్తానీ గుమాస్తాలకి మధ్యలో ఇళ్లు, అరబ్ కార్మికులకి దక్షిణాన. మనుషుల హోదా చూసి వీధులు గీశారు. అయితే తెలుగువాళ్లకి కువైట్ అనగానే గుర్తొచ్చేది ఆ తోటలు కాదు. గోదావరి జిల్లాల నుంచీ కడప నుంచీ ఇంటిపనికి వెళ్లిన ఆడవాళ్లు. వాళ్లు భర్త వెంట వెళ్లలేదు. భర్తనీ పిల్లల్నీ ఇక్కడ వదిలి, అప్పు చేసి, ఏజెంటుకి డబ్బు కట్టి వెళ్లారు. చదువు తక్కువున్న స్త్రీ అక్కడికి వెళ్లాలంటే ముప్ఫయ్యేళ్లు నిండాలని మన ప్రభుత్వం నిబంధన పెట్టింది. అక్కడేమో ఆమె వీసా యజమాని చేతిలో. ఇంట్లో పనిచేసేవాళ్లకి వారానికొక సెలవు ఉండాలన్న చట్టం కువైట్‌లో 2015కి గానీ రాలేదు. క్వార్టరు గురించి నేను మథనపడుతున్నప్పుడు ఆ స్త్రీలు నా ఎదురుగా నిలబడతారు. వెళ్లాలా వద్దా అని కాగితం మీద రెండు వరసలు గీసుకుని ఆలోచించే తీరిక నాకుంది. నా కులమూ నా జీతమూ కలిసి ఇచ్చిన తీరిక అది.

మరి సొంత పేరుతో, సొంత పనికోసం చమురు ఊరికి వెళ్లిన ఆడవాళ్ల సంగతి? ఇక్కడే నా వాదన అంత తేలికగా సాగలేదు. అల్జీరియా సహారాలో హాస్సీ మెస్సౌద్ అని ఒక ఊరుంది. 1956లో అక్కడ చమురు దొరికింది. ఊరు దాని చుట్టూ పెరిగింది. 1990లలో అల్జీరియా అంతర్యుద్ధంతో, నిరుద్యోగంతో నలిగిపోతున్నప్పుడు దేశంలోని వేరే ప్రాంతాల నుంచి ఆడవాళ్లు అక్కడికొచ్చారు. విడాకులైనవాళ్లు, భర్త పోయినవాళ్లు, తల్లిదండ్రుల్ని పోషించేవాళ్లు. విదేశీ కంపెనీల్లో ఊడ్చే పని, వంట పని, గుమాస్తా పని చేసుకుంటూ సొంతంగా అద్దెకుండేవాళ్లు. 2001 జులై 13న మసీదులో ఒక ఇమామ్ వాళ్లని చెడిపోయినవాళ్లంటూ ప్రసంగించాడు. ఆ రాత్రి సుమారు 300 మంది మగవాళ్లు వాళ్ల ఇళ్ల మీద పడ్డారు. కొట్టారు, కత్తులతో పొడిచారు, అత్యాచారాలు చేశారు, ఇళ్లు దోచుకున్నారు. 2005లో బిస్‌క్రాలో జరిగిన విచారణకి నిందితుల్లో ఎక్కువమంది రాలేదు. బాధితుల్లో కూడా చివరిదాకా నిలబడగలిగినవాళ్లు కొద్దిమందే. వాళ్లలో రహ్మూనా సలాహ్, ఫతిహా మామూరా అనే ఇద్దరు తమ కథని పుస్తకంగా 2010లో ఫ్రెంచిలో తెచ్చారు.

భార్యగా వెళ్తే ఇల్లుంటుంది, పేరుండదు. పేరుతో వెళ్తే ఆ పేరే నేరమవుతుంది. ఈ రెండిటి మధ్య మూడోది లేదా? హాస్సీ మెస్సౌద్‌ని చూపించి "అందుకే ఆడవాళ్లు ఒంటరిగా వెళ్లకూడదు" అనేవాళ్లుంటారు. నేను అందులో చదువుకున్న పాఠం వేరు. వాళ్ల చమట కంపెనీలకి కావలసి వచ్చింది. వాళ్ల ఇళ్లున్న వీధి మాత్రం ఎవరి బాధ్యతా కాలేదు. వాళ్లు ఒంటరిగా రావడంలో ప్రమాదం లేదు. వాళ్లని ఒంటరిగా వదిలెయ్యడంలో ఉంది.

మన దేశంలో ఈ ప్రశ్న కోర్టుల దాకా వెళ్లింది. భార్య తన ఉద్యోగం కోసం వేరే ఊళ్లో ఉంటే, ఉద్యోగం మాని భర్త దగ్గరికి రావాలని తీర్పులిచ్చిన న్యాయస్థానాలున్నాయి. 1978లో ఢిల్లీ హైకోర్టు స్వరాజ్ గర్గ్ కేసులో దానికి అడ్డం చెప్పింది. ఉపాధ్యాయురాలైన ఆమె పంజాబ్‌లో, భర్త ఢిల్లీలో. కాపురం ఎక్కడన్నది నిర్ణయించే హక్కు భర్త ఒక్కడిదే అని ఏ చట్టమూ చెప్పడం లేదంది కోర్టు. 1983లో మన ఆంధ్రప్రదేశ్ హైకోర్టులో జస్టిస్ పి.ఎ. చౌదరి సరిత కేసులో ఇంకా ముందుకెళ్లారు. దాంపత్య హక్కుల పునరుద్ధరణకి వీలిచ్చే హిందూ వివాహ చట్టం తొమ్మిదో సెక్షనే రాజ్యాంగ విరుద్ధమన్నారు. స్త్రీ శరీరం మీద నిర్ణయం రాజ్యం చేతికి పోకూడదన్నది ఆ తీర్పు సారం. మరుసటి ఏడాదే, 1984లో, సరోజ్ రాణి కేసులో సుప్రీంకోర్టు ఆ సెక్షన్‌ని మళ్లీ నిలబెట్టింది. తెలుగు నేల మీద పుట్టిన అంత గొప్ప తీర్పు ఒక్క ఏడాది బతికింది.

మా ఇంట్లో కోర్టుల అవసరం రాలేదు. ఆయన అన్నది ఒకటే: "నేను మాత్రం కోరుకుని వెళ్తున్నానా?" అందులో నిజముంది. కంపెనీ ఆయన్నీ అడగలేదు. అయితే ఆయన్ని అడగకపోయినా ఆయనకి జీతం ఇస్తుంది, హోదా ఇస్తుంది, సర్వీసు కలుపుతుంది. నాకు ఇచ్చేది ఆయన ఇంట్లో ఒక వంటగది. ఒక మనిషి బదిలీకి ఇద్దరు మనుషుల ఉద్యోగాలతో ఖర్చు కట్టే పద్ధతి ఇది. రెండో ఉద్యోగం ఏ లెక్కల పుస్తకంలోనూ కనిపించదు.

అడవికి సీత వెంట వెళ్లింది. మన ఆడవాళ్ల పాటల్లో ఊర్మిళ పధ్నాలుగేళ్లు నిద్రపోయింది. వెంట నడవడం లేదా నిద్రపోవడం. ఉండిపోయిన స్త్రీ మేలుకుని తన పని తాను చేసుకుందని ఎందుకు ఊహించలేకపోయాం?

బార్మేర్ గురించి మాట్లాడేటప్పుడు "అక్కడేముంది?" అంటారు. చమురు రాకముందు నుంచీ అక్కడ ఆడవాళ్లున్నారు. వాన నీటిని భూమిలో దాచే టాంకాల నుంచి నీళ్లు మోసేవాళ్లున్నారు. పచ్‌పద్రా ఉప్పు మళ్లలో తరతరాలుగా పనిచేసిన కుటుంబాలున్నాయి. బడి మధ్యలో మానేసి, కుట్టుపనితో వేలమంది స్త్రీలని కూడగట్టి 2018 నారీశక్తి పురస్కారం అందుకున్న రూమాదేవి ఆ జిల్లా మనిషే. టౌన్‌షిప్పు గోడ లోపల ఉంటే వీళ్లెవరూ నాకు తెలియరు. పనిమనిషిగా గేటు దాటి వచ్చినవాళ్లే తెలుస్తారు.

కాబట్టి నా నిర్ణయం ఇది. ఉద్యోగానికి రాజీనామా చెయ్యను. ఆయన కంపెనీ గదిలో ఉంటారు, వంట నేర్చుకుంటున్నారు. సంక్రాంతి సెలవులకీ వేసవి సెలవుల్లో కొన్ని రోజులకీ నేను వెళ్తాను. ఎప్పుడైనా సెలవు పెట్టి ఏడాది పాటు ఉండాలనుకుంటే బాలోత్రా ఊళ్లో ఇద్దరి పేర్ల మీదా ఇల్లు అద్దెకి తీసుకుంటాం, గోడ బయట. దీనికి ఖరీదుంది. రెండు ఇళ్ల ఖర్చు, రైళ్లలో రెండేసి రోజులు, యాభై దాటిన ఇద్దరు జబ్బు చేస్తే ఫోన్లో మాట్లాడుకోవడం. ఒంటరితనం ఆయనకీ ఉంటుంది, నాకూ ఉంటుంది. ఆ ఖరీదు ఇద్దరం కడతాం. ఇన్నాళ్లూ అది ఒకరే కట్టేవారు.

మా కాలేజీ పాత సర్వీసు రిజిస్టర్లు ఈ మధ్య తిరగేశాను. ఆడ అధ్యాపకుల రాజీనామాల పక్కన పదే పదే ఒకే మాట కనబడింది: 'వ్యక్తిగత కారణాల వల్ల'. పాత సహోద్యోగుల్ని అడిగితే ఒక్కొక్క పేరు వెనకా ఒక్కో ఊరు బయటికొచ్చింది. భిలాయి, రామగుండం, మస్కట్, దహ్రాన్. భర్తకి ఎక్కడ ఉద్యోగమో అవన్నీ ఆ ఊళ్లు. ఆ మాట వెనక ఉన్న ఊళ్లన్నీ పటం మీద గుర్తు పెడితే అది మన పరిశ్రమల చరిత్ర అవుతుంది. ఉక్కు ఎంత, బొగ్గు ఎంత, చమురు ఎన్ని పీపాలు అన్న లెక్కలు మనకి చాలానే ఉన్నాయి. వాటి కోసం ఆడవాళ్లు ఎన్ని ఉద్యోగాలు వదిలారన్న లెక్క రాయాలి. ఈ పత్రిక చదివే ప్రతి ఒక్కరి ఇంట్లోనూ అలాంటి రాజీనామా ఒకటైనా ఉంటుంది. అమ్మనో పిన్నినో అత్తనో అడిగి, ఊరి పేరూ సంవత్సరమూ రాసుకోండి.