బదాం, ఆఠీన్, జోకర్: కిన్వట్ పత్తలాట మాటలు

కిన్వట్‌ల రమ్మీ ఆట పడ్డదంటే ఒక్క చేతిల మూడు నాలుగు భాషలు కనబడతయి. ఎర్ర గుండె బొమ్మున్న పత్తాను తెలుగింటి పెద్దమనిషి ఆఠీన్ అంటడు. మరాఠీ బడిల చదివిన ఆయన కొడుకు బదాం అంటడు. పక్కన ఉర్దూ మాట్లాడే దోస్తు పాన్ అంటడు. ఆట మాత్రం ఎక్కడా ఆగదు. కోస్తా దిక్కు నుంచి వచ్చిన చుట్టాలు ఇది విని, "మీ తెలుగుల మరాఠీ కలిసి ఖరాబైంది" అంటరు. ఈ మాట మనం చిన్నప్పటి నుంచి వింటున్నదే. పత్తాల పేర్లను ఒక్కొక్కటి విప్పి చూస్తే ఆ మాటల ఎంత నిజముందో తెలుస్తది.

ముందుగాల మన ఊరి సంగతి. 1956 నవంబర్ 1 దాకా కిన్వట్ హైదరాబాద్ రాష్ట్రంల, ఆదిలాబాద్ జిల్లాల ఒక తాలూకా. రాష్ట్రాల పునర్విభజనల రాజురా, కిన్వట్ రెండూ నాందేడ్ జిల్లాకు పోయినయి. రెండూ బొంబాయి రాష్ట్రంలనే చేరినయి. 1960 మే 1 నుంచి మహారాష్ట్ర. కచేరీ భాష, బడి భాష మారినయి గని చుట్టరికాలు మారలేదు. ముద్‌ఖేడ్ నుంచి ఆదిలాబాద్ పోయే రైలు ఇప్పటికీ కిన్వట్ మీదుగనే పోతది. మాటలు కూడా ఆ బండిలనే అటూ ఇటూ తిరిగినయి.

ఇగ పత్తాల సంగతి. మరాఠీల నాలుగు రంగుల పేర్లు బదాం, చౌకట్, కిల్వర్, ఇస్పిక్. తెలుగుల ఆఠీన్, డైమన్, కళావర్, ఇస్పేట్. కోస్తావాళ్లు అచ్చ తెలుగనుకునే ఆఠీన్, కళావర్ నిజానికి డచ్చి మాటలు. డచ్చి భాషల గుండెను హార్టెన్ అంటరు, ఆ మూడాకుల గుర్తును క్లావెర్ అంటరు. డచ్చోళ్లు 1605ల మచిలీపట్నంల వ్యాపారం మొదలుపెట్టిండ్రు. తర్వాత నరసాపురం, భీమునిపట్నం దిక్కు గిడ్డంగులు కట్టిండ్రు. వాళ్ల కోటలు కూలిపోయినయి, పత్తాల మీది పేర్లు మాత్రం మిగిలినయి. డైమన్ ఇంగ్లీషు. ఇస్పేట్ ముందరి 'ఇ' మనకు కొత్తది కాదు, ఇస్కూల్‌ల, ఇస్టేషన్‌ల ఉన్నదే. అంటే ఆఠీన్ అన్నోడు సముద్రం మీద వచ్చిన మాట అంటున్నడు, బదాం అన్నోడు గుట్టల మీదుగ వచ్చిన పార్సీ మాట అంటున్నడు. ఇందుల ఏది ఖరాబు, ఏది సాఫు?

బొమ్మ పత్తాల కథ ఇంకో తీరు. మనం ఎక్కువగ ఎక్కా, గులాం, రాణి, బాద్‌షా అంటం. కోస్తాల ఆసు, జాకీ, రాణి, రాజు. ఇంగ్లీషు పత్తాలు రాకముందు ఈ దిక్కు గంజీఫా ఉండె. గుండ్రటి పత్తాలు, మీద రంగుల బొమ్మలు. మన పక్కనున్న నిర్మల్ నకాషీలు కూడా వాటిని తయారు చేసేటోళ్లు. మొగలాయి గంజీఫాల 8 రంగులు, 96 పత్తాలు. దశావతారాలదైతే 10 రంగులు, 120 పత్తాలు. ఒక్కో రంగుల రాజు, మంత్రి, పది అంకెల పత్తాలు. రాణి లేదు. తమాషా ఏందంటే మొగలాయి గంజీఫాల గులాం అనేది ఒక రంగు పేరు.

జోకర్‌కు మాత్రం ఎవరి భాషలనూ వేరే పేరు లేదు. ఎందుకంటే అది కొత్తది. 1860ల కాలంల అమెరికాల యూకర్ అనే ఆట కోసం పుట్టిన పత్తా అది. అది వచ్చేసరికి పాత పేర్లన్నీ ఎవరివి వాళ్లకు కుదురుకున్నయి. అందుకే తెలుగోడు, మరాఠోడు, లంబాడోడు, గోండు, అందరూ జోకర్ అనే అంటరు.

ఆ జోకర్‌తోటి ఆడే తీరు తెలియనోళ్ల కోసం చెప్తున్న. రెండు సెట్ల పత్తాలు కలిపి మనిషికి 13 పంచుతరు. మిగిలిన కట్టల నుంచి ఒకటి తీసి తిప్పి పెడతరు. అదే కట్ జోకర్. అది 7 అయితే నాలుగు రంగుల 7లూ ఆ ఆటకు జోకర్లే. బొమ్మ జోకర్ ఎట్లాగూ జోకరే. వంతు వచ్చినప్పుడు ఒకటి ఎత్తాలె, ఒకటి కొట్టాలె. 13 పత్తాలను వరుసలుగా, జతలుగా కూర్చాలె. జోకర్ లేని ఒక్క వరుసన్న ఉండాలె, దాన్నే రియల్ అంటరు. ఇస్పేట్ 4, 5, 6 ఉంటే రియల్ పడ్డట్టే. తర్వాత ఆఠీన్ 9, గులాంల నడుమ కళావర్ 7ను 10 లెక్క పెట్టొచ్చు. ముగ్గురు బాద్‌షాలు వేరే వేరే రంగులవి ఒక జత. డైమన్ ఎక్కా, 2, 3, 4 ఇంకో వరుస. మొత్తం 13 అయినయి, ఇగ షో కొట్టుడే. అదే 7 ఇస్పేట్ 6, 8ల నడుమ ఇస్పేట్ 7గనే కూసుంటే అది జోకర్ కింద లెక్క కాదు, రియలే. కొత్తగ ఆడేటోళ్లు ఇక్కడనే తడబడుతరు. రియల్ లేకుంట దొరికిపోతే చేతిలవన్నీ లెక్కకొస్తయి, 80 దాకా. పత్తాలు బాగలేకుంటే మొదట్లనే 20కి డ్రాప్ కొట్టుడు మేలు.

ఈ లెక్క కోర్టుకు కూడా ఎక్కింది. 1963ల సికింద్రాబాద్‌ల ఒక క్లబ్బు మీద పోలీసులు పడ్డరు. కేసు పెట్టింది నిజాం కాలపు హైదరాబాద్ జూద చట్టం కింద, ఫసలీ 1305ది. 1967 నవంబర్‌ల సుప్రీంకోర్టు చెప్పిందేందంటే, మూడు పత్తలాట లెక్క రమ్మీ ఒట్టి అదృష్టం ఆట కాదు, ఏ పత్తా పడ్డదో యాది పెట్టుకోవాలె, ఏది పట్టాలె ఏది ఇడవాలె తెలిసుండాలె అని. ఒకప్పుడు నిజాం రాజ్యంల భాగమైన మన కిన్వట్ ఆ తీర్పు వచ్చేసరికి ఆ రాష్ట్రం ఇడిచి 11 ఏండ్లు దాటింది. ఇక్కడి ఠాణాల అప్పటికే జుగార్ అని రాస్తున్నరు. ఇంట్ల పెద్దోళ్లు మాత్రం జూదమనే తిట్టేటోళ్లు.