ఒకే విహరిణి, రెండు ప్రతులు



ఇది 2007 ఆగస్టు 28వ తేదీ రాత్రి సంగతి. మరునాడు గిడుగు వారి జయంతి. అప్పటికి నేనింకా ఉన్నత పాఠశాలలో తెలుగు పండితుడిగా ఉద్యోగం చేస్తున్నాను. ఇంట్లోని పాత కంప్యూటరును బడికి మోసుకుపోయి, పదవ తరగతి పిల్లలకు తెరపై తెలుగు చూపాలని సంకల్పం. చూపదలచిన పుటలన్నీ ముందే దాచి ఉంచాను. నా పూర్వ విద్యార్థి ఒకడు అందులో ఉబుంటు 6.06 అనే లినక్సును స్థాపించి ఇచ్చాడు. ఉన్న విహరిణితో తృప్తిపడక, మరొకటి మేలైనదని ఎవరో చెప్పగా విని, దానిని తయారీదారుల వద్ద నుండి నేరుగా దించుకున్నాను. దాని పేరు ఇక్కడ అనవసరం. తప్పు దానిది కాదు, నాది.

మూట విప్పి బొమ్మ మీద నొక్కితే ఉలుకూ లేదు, పలుకూ లేదు. విద్యార్థికి ఫోను చేశాను.

"మాస్టారూ, బొమ్మ మీద నొక్కకండి. టెర్మినల్ తెరిచి అక్కడి నుంచి పిలవండి. ఏం కావాలో అదే చెబుతుంది" అన్నాడు.

నిజమే, చెప్పింది. సీ ప్లస్ ప్లస్ భాషకు చెందిన ప్రామాణిక లైబ్రరీ, 5వ అంకె గలది, కనబడడం లేదట. నా యంత్రంలో ఉన్నది 6వ అంకె గలది. 2004లో జీసీసీ 3.4 వెలువడినప్పుడు ఆ లైబ్రరీ 5 నుండి 6కు మారింది. నేను దించుకున్న విహరిణి పాత దానితో కూర్చబడింది. ఐదవ ముద్రణలోని పుట సంఖ్యలతో వ్రాసిన వ్యాఖ్యానాన్ని ఆరవ ముద్రణ ముందుంచుకొని చదివినట్లయింది. ఉబుంటు భాండాగారం నుండి ఆ పాత లైబ్రరీని కూడా తెచ్చి పెట్టగానే విహరిణి తెరుచుకుంది.

తెరుచుకున్నదన్న ఆనందం అర నిమిషం నిలువలేదు. తెర మీద "స్త్రీ" అన్న మాట ముక్కలై కనబడింది. సకారం ఒకచోట, పొల్లు ఒకచోట, తకారం ఇంకొకచోట. ఒక్క వత్తూ తన హల్లు కింద లేదు. చూడవచ్చిన పొరుగింటి లెక్కల మాస్టారు నవ్వి, "పండితులు గారూ, మన వత్తులూ గుణింతాలూ ఈ యంత్రానికి పడవండీ. ఇంగ్లీషుకైతే ఈ తంటా ఉందా?" అన్నారు. వేళాకోళానికే అన్నా, ఆ మాట నాకు గుచ్చుకుంది. రేపు నలభైమంది పిల్లలు ఆ తెరను చూసి, అదే అభిప్రాయంతో ఇళ్ళకు పోతారు కదా!

మళ్ళీ ఫోను. ఈసారి ఆ కుర్రవాడు ఒక పరీక్ష చెప్పాడు. విరిగిన వాక్యాన్ని నకలు తీసి జీఎడిట్‌లో అతికించమన్నాడు. అతికించాను. అక్షరాలన్నీ ముత్యాల్లా కుదురుకున్నాయి! అంటే వ్రాతలో దోషం లేదు, ఖతిలో దోషం లేదు. చూపించే చేతిలో ఉంది.

ఇక్కడ కొంత చరిత్ర చెప్పుకోవాలి. 1991లో వెలువడిన యూనికోడు తొలి రూపంలోనే తెలుగుకు స్థానం దక్కింది. అందులో "స్త్రీ" అనేది ఒక అక్షరంగా కాక ఆరు సంకేతాలుగా నిలువ ఉంటుంది: స, పొల్లు, త, పొల్లు, ర, గుడిదీర్ఘం. వ్యాకరణం చదువుకున్న వారికి ఇది కొత్త కాదు. పలుకు క్రమమే వ్రాత క్రమం. అయితే ఆ ఆరింటినీ చదివి, ఏ వత్తు ఎక్కడ కుదురుకోవాలో నిర్ణయించి, ఖతిలోని ముక్కలను ఏరి కూర్చే పనివాడు వేరే ఉండాలి. గ్నోమ్ లోకంలో ఆ పనివాడి పేరు పాంగో. గ్రీకు "పాన్"కు జపనీయ "గో"ను జతచేసి, "అన్ని భాషలు" అనే అర్థంలో పెట్టిన పేరు. పండితుల దృష్టిలో ఇది వైరి సమాసమే కాని, పని మాత్రం మైత్రితో చేస్తుంది. జీఎడిట్ ఆ పాంగో సాయం తీసుకుంటుంది. నేను దించుకున్న విహరిణికి ఆ సాయం అందలేదు.

"అదే విహరిణిని ఉబుంటు వాళ్ళు కూర్చిన ప్రతి ఉంది మాస్టారూ. అందులో పాంగో కలిపి ఉంటుంది. సినాప్టిక్‌లో వెతకండి" అన్నాడు. పాత మూటను తొలగించి ఆ ప్రతిని స్థాపించాను. వత్తులన్నీ ఇంటికి చేరాయి.

ఆ రాత్రే నాకొక సంగతి బోధపడింది. స్వేచ్ఛా మృదుసామగ్రి లోకం మన తాళపత్రాల లోకం వంటిది. మూలం అందరికీ తెరిచి ఉంటుంది కనుక ఎవరి లేఖకుడు వారికుంటాడు, ఎవరి పాఠం వారికుంటుంది. నెట్‌స్కేప్ వారు తమ విహరిణి మూలాన్ని 1998 మార్చిలో లోకానికి విడిచిపెట్టారు. దాని నుండి మొజిల్లా, అందులోంచి 2002లో ఫీనిక్సు పుట్టాయి. ఫీనిక్సు 2003లో ఫైర్‌బర్డ్ అయి, 2004లో ఫైర్‌ఫాక్సుగా, మన వాళ్ళు ముద్దుగా పిలుచుకున్న మంటనక్కగా స్థిరపడింది. 2006లో డెబియన్ వారు దానినే ఐస్‌వీజిల్ అన్న పేరుతో పంచసాగారు. తమ పేరూ చిహ్నమూ వాడుకోవడానికి మొజిల్లా వారు పెట్టిన నిబంధనలకూ, డెబియన్ వారి స్వేచ్ఛా నియమాలకూ పొత్తు కుదరలేదు. 2016లో గాని పాత పేరు తిరిగి రాలేదు. కనుక "స్థాపించాను, పనిచేయడం లేదు" అనే వారిని మొదట అడుగవలసిన ప్రశ్న: "ఎవరి ప్రతి?" బ్రౌను దొర పండితుల చేత ప్రతులు పోల్చి చూపించినట్లే మనమూ చూడాలి.

కూర్పు సమస్య క్రమంగా తీరింది. 2008 జూన్‌లో వచ్చిన ఫైర్‌ఫాక్సు 3 లినక్సులో పాంగోనే ఆశ్రయించింది. తరువాత హర్ఫ్‌బజ్ అనే మరొక పనివాడు పెద్దరికం అందుకున్నాడు. పారశీకంలో "హర్ఫ్" అంటే అక్షరం, "బాజ్" అంటే తెరిచినది. ఫైర్‌ఫాక్సు, క్రోమ్, చివరకు పాంగో కూడా నేడు ఆ ఒక్కడి చేతనే అక్షరాలు కూర్పించుకుంటున్నాయి.

లైబ్రరీల తగవుకూ ఒక ఉపాయం దొరికింది. స్నాప్, ఫ్లాట్‌పాక్ పద్ధతుల్లో విహరిణి తనకు కావలసిన సరంజామాలో అధికభాగాన్ని వెంట తెచ్చుకుంటుంది. 2022లో ఉబుంటు 22.04 ఫైర్‌ఫాక్సును స్నాప్‌గానే ఇచ్చింది. మూట బరువు పెరిగింది, వెతుకులాట తగ్గింది. అయినా "ఎవరి ప్రతి?" అన్న ప్రశ్నకు కాలం చెల్లలేదు. స్నాప్ ప్రతి వేరు, మొజిల్లా వారి ప్రతి వేరు.

మరునాడు బడిలో ఒక పిల్లను పిలిచి తెర మీది మాట చదవమన్నాను. "స్త్రీ" అని గడగడా చదివి, ఇందులో వింతేముందన్నట్లు నా వైపు చూసింది. వింత ఏమీ లేకపోవడం కోసమే ఆ రాత్రంతా మేలుకున్నానని ఆ పిల్లకు చెప్పలేదు. సాయంత్రం లెక్కల మాస్టారికి మాత్రం చెప్పాను: "తెలుగు పడకపోవడం కాదండీ, కూర్చేవాడు ఆ రాత్రి ఇంట లేడు, అంతే."