ప్రార్థనకై యొక దినము

ప్రార్థన యనగా కోరికలను దైవమునకు విన్నవించుట యని కొందఱు, ఏకాంతమున మనస్సును శుద్ధిచేసికొనుట యని కొందఱు తలంతురు. క్రైస్తవ మతమున నీ రెండును గలవు. కాని మూడవది యొకటి కూడ గలదు. పదిమంది యొకచోట గూడి, ఒకరి తరువాత నొకరు నోరు విప్పి, పక్కవాని మేలుకొఱకు కూడ వేడుకొనుటయే యది. చూచుటకు మిక్కిలి సామాన్యమైన యీ యాచారము తెలుగుదేశమున నొక మూల నెట్టి పని చేసెనో యిచట విచారింతము.

అమెరికా బాప్తిస్టులు 1836లో తెలుగువారి నడుమ పని నారంభించిరి. ఏండ్లు గడచినను ఫలితము స్వల్పము. ఆ శాఖను మూసివేయవలెనా యని 1853లో అమెరికాలో చర్చ జరిగి, మూయరాదని తేలెను. 1854 జనవరి 1వ తేదీ తెల్లవారుజామున నెల్లూరి మిషనరీ లైమన్ జూవెట్టు దొరయు, ఆయన భార్యయు, ముగ్గురు తెలుగు క్రైస్తవులును ఒంగోలు దాపుననున్న కొండ నెక్కి, ఆ ప్రాంతమున కొక బోధకుని బంపుమని ప్రార్థించిరి. ఆ మువ్వురిలో జూలియా, రూతు అను నిద్దఱు స్త్రీలు. పదిమందిలో స్త్రీ గొంతెత్తుట వింతగా నుండిన కాలమున, ఆ కొండమీద వారికిని వంతు వచ్చెను. ఆ కొండకు ప్రార్థన కొండ యనియే పేరు నిలిచినది.

1866లో జాన్ క్లౌ దొర ఒంగోలు చేరెను. 1878 జూలై 3వ తేదీన వెల్లంపల్లి యొద్ద గుండ్లకమ్మలో నొక్కనాడే 2,222 మంది బాప్తిస్మము పొందిరి. కొండమీద నడిగినది ఏటిలో దొరకెనని చెప్పుట వాడుక. ఇట్లు చెప్పినచో నడుమ గడచిన యిరువదినాలుగేండ్ల కష్టము మఱుగుపడును.

ఆ కష్టము మాదిగలది. తోళ్ల వ్యాపారియగు ఎర్రగుంట్ల పేరయ్య మొదట విశ్వసించి, ఊరూర దిరిగి తనవారికి బోధించెను. చేరినవారికి క్లౌ దొర పెట్టిన నియమములు మూడు: చచ్చిన పశువుల మాంసము తినరాదు, విగ్రహములను గొలువరాదు, ఆదివారము పని చేయరాదు. ఈ మూడవది మనకు తేలికగా దోచును. ఊరి చాకిరికి కట్టుబడి, పిలిచినప్పుడెల్ల పరుగెత్తవలసిన వానికి అది తేలికయా? ఏడు దినములలో నొక దినము తనదని, ఆ దినమున తానును ఆలుబిడ్డలును కూర్చుండి ప్రార్థింతురని ఆసామితో చెప్పుట యెంతటి సాహసము! జాతరలలో డప్పు కొట్టమనియు వారు చెప్పిరి. పలుచోట్ల గ్రామస్థు లాగ్రహించి వారిని బహిష్కరించిరి. అయినను ఆదివారపు కూటము నిలిచెను.

కరవునకు వెఱచి గంజికై చేరిరని యాక్షేపించువారు గలరు. 1876–78 నాటి కరవున క్లౌ దొర బకింగుహాము కాలువలో కొంత భాగము గుత్తకు దీసికొని వేలమందికి కూలి యిప్పించెను. కాని యా పని జరుగు కాలమున బాప్తిస్మము లాపివేసెను. ఆశించుటకు కూలి లేని దినములు వచ్చిన పిమ్మటనే వారిని ఏటికి రానిచ్చెను. అందఱి హృదయములు నిర్మలములని మే మనము. ఏ మతమున నట్లుండును? అయినను అంతకు పూర్వమే బహిష్కారము నోర్చి కూటమును నిలుపుకొన్నవారిని గంజికి లొంగిరనుట న్యాయము గాదు.

క్రైస్తవ సంఘములలో కుల భేదము పూర్తిగా నశింపలేదు. కలసి ప్రార్థించినవారు కలసి భుజింపని చోట్లును గలవు. అచ్చట ప్రార్థన పెదవులమీదనే నిలిచినదని చెప్పక తప్పదు. ప్రార్థనకు ఫలమేమని యడుగువారు ఆకాశమువంక జూడనక్కఱలేదు. ప్రార్థించినవారి నడుమ నేమి మాఱెనో చూచిన చాలును.

ఈ పరీక్ష క్రైస్తవులకే గాదు. మన యింట పూజయో, భజనయో, ప్రార్థనయో జరుగునపుడు మన యిల్లాండ్రకు నోరు విప్పు వంతు గలదా? అంట్లు తోము మనిషి యప్పు డెక్కడ నుండును? ఆమెకు తనదని చెప్పుకొన నొక దినము గలదా?