జీర్ణవస్త్ర ప్రస్థానం

వాడిన బట్టలు కొని ధరించడం పర్యావరణానికి మేలుచేసే కొత్త అలవాటని ఈనాటి యువతరం చెబుతున్నది. సంతోషమే. కాని ఆ అలవాటుకు మన సంగారెడ్డి, పటాన్‌చెరు సీమలో చాలా పాత చరిత్ర ఉన్నది. అందులో గౌరవమూ ఉన్నది, అవమానమూ ఉన్నది. ఆ రెండింటినీ వేరుచేసి చూడడమే ఈ చిన్న వ్యాసం ఉద్దేశం.

దేహి పాత దేహాన్ని విడవడాన్ని భగవద్గీత రెండవ అధ్యాయం జీర్ణవస్త్రాన్ని విడవడంతో పోల్చింది. విడిచిన ఆ వస్త్రం ఎవరి ఒంటి మీదికి చేరిందన్నది అక్కడ అప్రస్తుతం. చరిత్ర చదివేవారికి మాత్రం అదే అసలు ప్రశ్న.

మొదటి సమాధానం బౌద్ధులది. సంగారెడ్డికి సమీపంలోని కొండాపూర్ దిబ్బలను 1940ల తొలినాళ్ళలో హైదరాబాదు రాజ్య పురావస్తు శాఖ తవ్వించగా శాతవాహనుల నాణేలతోపాటు బౌద్ధ కట్టడాల శిథిలాలు బయల్పడ్డాయి. బౌద్ధ భిక్షువులకు విహితమైన వస్త్రాలలో పాంసుకూల చీవరం ఒకటి. అంటే దుమ్ముకుప్పలపై పారవేసిన పేలికలను ఏరి కుట్టుకొన్నది. వినయపిటకంలో ఒక కథ ఉన్నది. అంతఃపుర స్త్రీలు 500 వస్త్రాలు దానమివ్వగా, ఇన్ని ఏం చేసుకొంటారని ఉదయనుడు ఆనందుణ్ణి అడిగాడు. చీవరాలు చినిగిన భిక్షువులకు పంచుతామన్నాడు ఆనందుడు. మరి ఆ పాత చీవరాలో? దుప్పట్లవుతాయి. పాత దుప్పట్లు పరుపు గలీబులు, అవి నేలమీది పరుపులు, అవి కాళ్ళు తుడుచుకొనే గుడ్డలు, అవి దుమ్ము దులిపే గుడ్డలు అవుతాయి. చివరికి ముక్కలుచేసి, మట్టితో కలిపి నేల అలుకుతామన్నాడు. రాజు సంతోషించి మరో 500 ఇచ్చాడు.

రెండవ సమాధానం మనుస్మృతిది. సేవచేసే శూద్రునికి ఎంగిలి అన్నమూ జీర్ణవస్త్రాలూ ఇవ్వాలనీ, చండాలురకు శవాల మీది బట్టలే వస్త్రాలనీ దాని పదవ అధ్యాయం విధించింది. గుడ్డ అదే. భిక్షువు దానిని తానై కోరుకొన్నాడు, వీరికి కోరుకొనే హక్కే లేదు. మన పల్లెల్లో జీతగాడికి దొర ఇచ్చిన పాత ధోవతి ఈ రెండవ దారిలో వచ్చినదే. అన్న చొక్కా తొడుక్కొన్న తమ్ముడు సిగ్గుపడడం నా ఉపాధ్యాయ జీవితంలో చూడలేదు. యజమాని కొడుకు విడిచిన చొక్కా తొడుక్కొన్న పిల్లవాడు తరగతిలో ఆ కొడుకు పక్కన కూర్చోలేకపోవడం మాత్రం చూశాను.

మూడవ సమాధానం సంతది. 1960లలో రామచంద్రాపురంలో భెల్ కర్మాగారం, ఆ తరువాత పటాన్‌చెరు పారిశ్రామికవాడ వెలసినాక పల్లెల నుంచీ, క్రమంగా బీహారు, ఒడిశాల నుంచీ కూలీలు వచ్చారు. ఇదే ముంబయి రహదారి మీద ఎర్రగడ్డలో ఆదివారపు సంత, పాతబస్తీ వైపు జుమ్మేరాత్ బజారులో గురువారపు సంత పాత సామానుకు ప్రసిద్ధి. ఇంటింటికీ తిరిగి పాత బట్టలకు స్టీలు గిన్నెలిచ్చే స్త్రీలు తెచ్చిన మూటలు సంతలకు చేరేముందు ఉతుకు, కుట్టు, ఇస్త్రీ అన్నీ జరుగుతాయి. తొడగడానికి పనికిరానివి బొంతలవుతాయి, యంత్రాలు తుడిచే గుడ్డలవుతాయి. ఆనందుని లెక్క ఇక్కడా తప్పలేదు. పైగా సంతలో కూలివాడు బేరమాడతాడు, నచ్చకపోతే వదిలేసి పోతాడు. దానంలో లేని ఆ స్వేచ్ఛను అతడు పది రూపాయలకో యాభై రూపాయలకో కొనుక్కొంటున్నాడు.

ఇక పర్యావరణం మాట. పటాన్‌చెరు కర్మాగారాల వ్యర్థాలు నక్కవాగును విషమయం చేస్తున్నాయని 1990లో సుప్రీంకోర్టులో వ్యాజ్యం పడింది. అవి ఎక్కువగా మందుల, రసాయన పరిశ్రమలవే, బట్టల మిల్లులవి కావు. అయినా పాఠం ఒక్కటే. చవకగా తయారైన సరుకుకు మనం చెల్లించని మిగతా వెలను ఎక్కడో ఒక వాగు, దాని ఒడ్డున ఉన్న రైతు చెల్లిస్తారు. ఉన్న బట్టను మరొక ఏడాది నిలపడం ఆ బాకీని కొంత తగ్గించడమే.

కనుక చదువుకొన్న పిల్లలు పాత బట్టలు కొనడం మంచిదే, దానితో ఆ గుడ్డకు అంటిన చిన్నతనం వదులుతుంది. ఒక్కటే మనవి. సరదా కోసం వెళ్ళినవారు కూలివాడికి అందనంతగా ధర పెంచకుండా చూసుకోవాలి. ఇచ్చేవారు కూడా ఉతికి, గుండీలు కుట్టి, తాము తిరిగి తొడుక్కోగలిగినవే ఇవ్వాలి.