హంతకులందరూ ఎందుకు చచ్చిపోయారంటే

1989లో ఒక లోకంలో కిరాయి హంతకులంతా చచ్చిపోయారు. బేన్ అనే క్రూర దేవుడు తన బలం పెంచుకోడానికి వాళ్ల ప్రాణాలు లాగేసుకున్నాడని కథ. అసలు కారణం వేరే ఉంది. డంజన్స్ అండ్ డ్రాగన్స్ ఆట రెండో ఎడిషన్‌లో, ఆటగాళ్లు ఎంచుకునే వృత్తుల్లోంచి హంతకుణ్ని తీసేశారు. పుస్తకంలో లేనివాడికి లోకంలో చోటెక్కడిది?

ఆ లోకం పేరు ఫర్‌గాటెన్ రెల్మ్స్. ఎడ్ గ్రీన్‌వుడ్ అనే కెనడా కుర్రాడు 1960ల చివర్లో తన కథల కోసం అల్లుకున్నది. అప్పటికి ఆటే పుట్టలేదు. 1974లో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ ఆటను తెచ్చారు. ఆ తర్వాత గ్రీన్‌వుడ్ తన లోకంలోనే స్నేహితుల చేత ఆడించాడు. టీఎస్‌ఆర్ కంపెనీ దాన్ని కొని 1987లో అచ్చువేసింది. ఇక నియమం మారినప్పుడల్లా అక్కడ ఏదో ఒక ప్రళయం రావాల్సిందే.

ఈ ఆటలో బోర్డు ఉండదు. డంజన్ మాస్టర్ లోకాన్ని నడిపిస్తాడు, మిగతావాళ్లు అందులో పాత్రలవుతారు. ఏది సాధ్యమో, ఏది కాదో నియమాలూ పాచికలూ తేలుస్తాయి. అంటే పుస్తకంలోని నియమమే అక్కడి ప్రకృతి ధర్మం. పాత ఎడిషన్లలో డ్వార్ఫ్ జాతివాళ్లు మాంత్రికులు కాలేరు. ఎల్ఫ్‌లు చాలా వృత్తుల్లో ఒక స్థాయి దాటి ఎదగలేరు. ఎక్కడో ఒక డంజన్ మాస్టర్ దీన్ని పట్టుకుని, మాంత్రికులంటే గిట్టని డ్వార్ఫ్ రాజ్యాన్నీ, దాని వెయ్యేళ్ల పగనూ నోటుపుస్తకాల నిండా రాసుకుని ఉంటాడు. 2000లో మూడో ఎడిషన్ ఆ హద్దులన్నీ ఎత్తేసింది. మరుసటి ఆటకి ఎవరో డ్వార్ఫ్ మాంత్రికుణ్ని తయారుచేసుకొస్తారు. మరి ఆ పగ సంగతి?

ఆటను అచ్చువేసే కంపెనీ అయితే దేవుళ్లను చంపుతుంది. చదివిన మంత్రం ఒకసారి ప్రయోగించగానే మరిచిపోవడం మొదటినుంచీ ఉన్న పద్ధతి. జాక్ వాన్స్ కథల నుంచి తెచ్చుకున్నది. 2008లో నాలుగో ఎడిషన్, కొన్ని మంత్రాలను ఎన్నిసార్లయినా వాడుకోనిచ్చింది. దానికోసం రెల్మ్స్‌లో మంత్రశక్తి దేవత మిస్ట్రాను హత్య చేయించి, కాలాన్ని దాదాపు వందేళ్లు ముందుకు నెట్టారు. ఇష్టపడ్డ పాత్రలు ఎన్నో ముసలితనంతోనే పోవాల్సి వచ్చింది. అభిమానులు మండిపడ్డారు. 2014లో అయిదో ఎడిషన్ వచ్చేసరికి మిస్ట్రా మళ్లీ బతికొచ్చింది.

నన్నడిగితే ఇంత హంగామా అక్కర్లేదు. డైలీ సీరియల్లో కోడలి పాత్రధారి మారినా అత్తగారు గుర్తుపట్టనట్టు నటించదు కదా, కాపురం అలాగే సాగుతుంది. ఇంట్లో ఆడుకునేవాళ్లకీ అదే సులువు: డ్వార్ఫ్ మాంత్రికులు ఎప్పుడూ ఉన్నారు, ఇన్నాళ్లూ మన కథలో తగల్లేదంతే. లేదా పాత పుస్తకంతోనే ఆడుకోవచ్చు, ఇంటికొచ్చి అడిగేవాడెవడు?

ఈ ఆటకే మరో లోకాన్ని అల్లిన కీత్ బేకర్ దారి తిరగేసినది. మూడో ఎడిషన్ నియమాల ప్రకారం చిన్న స్థాయి మాంత్రికులు కూడా మాయవస్తువులు చేయగలరు. అలాంటప్పుడు రైలు ఎందుకుండదు అనుకున్నాడు. అలా నియమంలోంచే ఎబెరాన్ అనే లోకం పుట్టింది. అందులో మాయాశక్తితో నడిచే రైళ్లున్నాయి. ఆ తర్వాత ఎడిషన్లు మారినా దానికి ప్రళయం రాలేదు. 2004, 2009, 2019 పుస్తకాలు మూడింటిలోనూ అక్కడి సంవత్సరం 998.